ఒకే గదిలో రెండు ప్రశ్నలు

అమలాపురం గానీ, రాజోలు గానీ, కొత్తపేట గానీ, ఏ స్కానింగ్ సెంటర్‌కి వెళ్ళినా గోడ మీద ఒక బోర్డు ఉంటుంది. ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు, అది చట్టరీత్యా నేరం అని. 1994లో చేసి, 1996 జనవరి 1 నుంచి అమలు చేస్తున్న చట్టం తాలూకు బోర్డు అది. కడుపులో ఉన్నది ఆడపిల్లో మగపిల్లాడో చెప్పిన డాక్టరుకీ, చెప్పమని వెంటపడిన ఇంటివాళ్ళకీ శిక్ష ఉంది.

అదే గదిలో, అదే మెషీన్ మీద, మూడో నెల గర్భిణికి ఇంకో పరీక్ష చేస్తారు. బిడ్డ మెడ వెనక చర్మం కింద చేరే నీటి పొర మందం ఎంతుందో మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఎన్‌టీ స్కాన్ అంటారు దాన్ని. దాంతోపాటు డబుల్ మార్కర్ అని ఒక రక్తపరీక్ష రాస్తారు. ఈ రెండూ కలిపి ముఖ్యంగా అడిగే సంగతి ఒకటే: బిడ్డకి డౌన్ సిండ్రోమ్ ఉండే అవకాశం ఎంత?

మొదటి ప్రశ్న అడిగితే కేసు. రెండోది అడక్కపోతే, "అంత చదువుకుని ఆ టెస్టు చేయించుకోలేదా?" అని చుట్టాలే అంటారు. తమాషా ఏంటంటే, ఈ తేడా పెట్టింది ఒకే చట్టం. లింగం తెలుసుకోవడాన్ని నిషేధించిన చట్టమే, క్రోమోజోముల లోపాలు తెలుసుకోవడాన్ని అనుమతించిన పనుల జాబితాలో పెట్టింది. ఒక తెలివిడి నేరం, ఇంకో తెలివిడి బాధ్యత. ఈ గీత దేని మీద నిలబడింది? అసలు నిలబడుతుందా? మొదటి మూడు నెలల డౌన్ పరీక్ష మంచిదా కాదా అని తేల్చాలంటే ముందు ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది.

*

ముందు పరీక్ష ఏం చేస్తుందో చూద్దాం. మనిషి కణంలో 21వ నంబరు క్రోమోజోము రెండు ప్రతుల్లో ఉండాలి. డౌన్ సిండ్రోమ్‌లో మూడుంటాయి. ఈ పిల్లల లక్షణాలని 1866లో వర్ణించిన ఇంగ్లీషు డాక్టరు జాన్ లాంగ్డన్ డౌన్ పేరే దీనికి మిగిలింది. కారణం క్రోమోజోమని 1959లో ఫ్రాన్సులో తేల్చారు. తేల్చినవాళ్ళలో ఒకడైన జెరోమ్ లెజ్యూన్, తన పరిశోధన గర్భస్రావాలకి దారి తీయడాన్ని చనిపోయేదాకా వ్యతిరేకిస్తూనే ఉన్నాడు.

ఎన్‌టీ స్కాన్‌కి గడువుంది. 11 వారాలు నిండినప్పటి నుంచి 13 వారాల 6 రోజుల దాకానే. ఆ తర్వాత కొలత పనికిరాదు. స్కాన్ కొలతనీ, రక్తంలో రెండు పదార్థాల మోతాదునీ, తల్లి వయసునీ కంప్యూటర్లో వేస్తే ఒక అంకె వస్తుంది. డౌన్ ఉన్న గర్భాలు 100 ఉంటే ఈ పద్ధతి వాటిలో 85 నుంచి 90 దాకా పట్టుకుంటుంది. అదే సమయంలో, ఏ తేడా లేని గర్భాల్లో నూటికి అయిదింటిని కూడా అనుమానితుల జాబితాలో వేస్తుంది.

ఇది జల్లెడ, తీర్పు కాదు. తీర్పు కావాలంటే మాయ నుంచి చిన్న ముక్క గానీ, 15 వారాలు దాటాక ఉమ్మనీరు గానీ సూదితో తీసి క్రోమోజోములు చూడాలి. దాని వల్ల గర్భం పోయే ప్రమాదం కొద్దిగా ఉంది. ఈమధ్య ఎన్‌ఐపీటీ అని ఇంకో రక్తపరీక్ష వచ్చింది. తల్లి రక్తంలో బిడ్డ డీఎన్‌ఏ తిరుగుతూ ఉంటుందని 1997లో డెనిస్ లో బృందం చూపించడంతో దానికి దారి పడింది. నూటికి 99 కేసులు పట్టుకుంటుంది, కానీ ఖర్చు ఎక్కువ, పైగా అదీ జల్లెడే. ఇంకో సంగతి, బిడ్డ ఆడో మగో కూడా ఆ రక్తంలోనే తెలిసిపోతుంది. మన దేశంలో ఇచ్చే రిపోర్టులో మాత్రం ఆ సమాచారం ఉండదు. ఒకే గొట్టంలో రక్తం, అందులో ఒక జవాబు కాగితం మీదకి వస్తుంది, ఇంకో జవాబుని మూసేస్తారు.

ఇప్పుడు చిన్న లెక్క. డౌన్ సిండ్రోమ్ సుమారుగా 700 మందిలో ఒకరికి వస్తుంది అనుకుందాం. 10,000 మంది గర్భిణులకి ఈ పరీక్ష చేస్తే, అందులో 14 మంది బిడ్డలకి డౌన్ ఉంటుంది. పరీక్ష ఓ 12 మందిని పట్టుకుంటుంది, ఇద్దరిని వదిలేస్తుంది. ఏ సమస్యా లేని 500 మంది తల్లులకి కూడా 'హై రిస్క్' అని చెబుతుంది. అంటే ఆ మాట విన్న 43 మందిలో నిజంగా డౌన్ ఉన్నది ఒకరికి. మిగతా 42 మందీ కొన్ని వారాలపాటు నిద్రపోరు.

ఇంకో చిక్కు వయసుది. తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుంది: 25 ఏళ్ళప్పుడు పుట్టే బిడ్డల్లో 1,300 మందికి ఒకరు, 35కి 350 మందికి ఒకరు, 40కి వంద మందికి ఒకరు, అటూ ఇటూగా. అందుకే మన చట్టం కూడా ఇలాంటి నిర్ధారణ పరీక్షలకి మొదటి కారణంగా 35 ఏళ్ళు దాటిన వయసునే రాసుకుంది. కానీ మన దగ్గర పిల్లలని కనేది ఎక్కువగా ఇరవైల్లో ఉన్నవాళ్ళే. కాబట్టి డౌన్ ఉన్న పిల్లల్లో ఎక్కువమంది ఆ చిన్న వయసు తల్లులకే పుడతారు. వయసుని బట్టి మాత్రమే జల్లెడ పడితే వాళ్ళే తప్పిపోతారు. మొదటి మూడు నెలల పరీక్ష అందరికీ చేయాలన్న వాదన బలం ఇక్కడే ఉంది.

*

ఒక ఊహ చేద్దాం. రాజోలు పక్క పల్లెలో 24 ఏళ్ళ అమ్మాయి. మొదటి కాన్పు. భర్త మస్కట్‌లో ఉన్నాడు. అత్తగారు తోడు వస్తే పరీక్ష చేయించుకుంది. రిపోర్టులో '1:180, హై రిస్క్' అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది.

దాని అర్థం ఏంటి? ఇలాంటి రిపోర్టు వచ్చిన 180 మందిలో 179 మందికి డౌన్ లేని బిడ్డ పుడుతుంది. నూటికి 99 పాళ్ళ పైనే. ఆ వయసుకి, ఆ వారాలకి మామూలుగా వెయ్యికి ఒకటిగా ఉండే అవకాశం అయిదు రెట్లు పెరిగిన మాటా నిజమే. రెండూ ఒకేసారి నిజం. ఈ రెండు నిజాలనీ ఒక కుటుంబానికి తెలుగులో ఎలా చెప్పాలి?

'రిస్క్' అన్న మాటని మనం 'ప్రమాదం' అంటాం. ప్రమాదం అంటే మన చెవికి బస్సు బోల్తాపడటం, పడవ మునగడం. అది జరిగిపోయిన సంగతి, రాబోయేదాని లెక్క కాదు. 'అవకాశం' అందామంటే ఉద్యోగం దొరికినట్టు ఉంటుంది. 'సంభావ్యత' ఇంటర్ లెక్కల పుస్తకం దాటి బయటికి రాలేదు. అందుకే "రిస్క్ ఎక్కువుందండీ" అని డాక్టరుగారు అనగానే అత్తగారికి వినిపించేది, "బిడ్డకి ఏదో ఉందండీ" అని. ఆయ్ అంటారు, బయటికి వస్తారు. ఆ తర్వాత ఫోన్లు మొదలవుతాయి. మస్కట్ నుంచి భర్త, పుట్టింటి నుంచి అన్నయ్య, హైదరాబాదు నుంచి ఎవరో నర్సు చుట్టం. ఉమ్మనీటి పరీక్ష కోసం ఆ నిపుణులున్న పెద్ద ఊరికి వెళ్ళాలి, తోడు కావాలి, డబ్బు కావాలి, రిపోర్టు కోసం ఆగాలి. ఆగే ఓపిక లేని కుటుంబం, జల్లెడ మాటనే తీర్పుగా తీసుకునే వీలుంది. అప్పుడు పోయే గర్భం 179 వైపుదే అయి ఉండొచ్చు.

ఈ పరీక్షకి ఒక మంచి కూడా ఉంది, ఎవరూ పెద్దగా చెప్పుకోనిది. ఇలాంటి బిడ్డ పుడితే మన ఊళ్ళలో మొదటి ప్రశ్న, "మేనరికమా?" రెండోది, "కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు?" మూడోది గ్రహణం. డౌన్ సిండ్రోమ్‌లో నూటికి 95 పాళ్ళు అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడు క్రోమోజోములు విడిపోవడంలో జరిగిన యాదృచ్ఛికమైన తేడా. కొద్ది శాతం మాత్రం కుటుంబంలో రావచ్చు, దానికీ మేనరికంతో పని లేదు. సరిగ్గా వివరించి చెప్పే చోట చేసిన పరీక్ష, కోడలి మీద పడే నిందని ముందే తీసేస్తుంది. బిడ్డని ఉంచుకోవాలనుకున్నవాళ్ళకి గుండె స్కాన్ చేయించుకుని, పిల్లల డాక్టర్లున్న పెద్దాసుపత్రిలో కాన్పు పెట్టుకునే వ్యవధి ఇస్తుంది. తెలుసుకోవడం అంటే తీసేయించుకోవడం ఒక్కటే కాదు.

*

ఇక ఆ గీత సంగతి. లింగం అడగడం తప్పు, క్రోమోజోము అడగడం తప్పు కాదు అనడానికి మూడు జవాబులు వినిపిస్తాయి.

మొదటిది: ఆడపిల్ల కావడం జబ్బు కాదు, డౌన్ జబ్బు. వినగానే సరే అనిపిస్తుంది. డౌన్ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతో గుండె లోపం ఉంటుంది. థైరాయిడ్, వినికిడి సమస్యలు ఎక్కువ. బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉంటుంది, నడివయసులోనే మతిమరుపు జబ్బు పట్టుకునే వీలు మిగతావాళ్ళకంటే బాగా ఎక్కువ. ఇవన్నీ ఒంట్లో ఉన్నవే, లోకం కల్పించినవి కావు. కానీ ఒక లెక్క చూడండి. అమెరికాలో డౌన్ ఉన్నవాళ్ళ సగటు ఆయుర్దాయం 1983లో 25 ఏళ్ళు, ఇప్పుడు 60. ఈ కాలంలో క్రోమోజోము మారలేదు. ఆ పిల్లల గుండెకి ఆపరేషన్ చేయడం దండగ అనుకున్న డాక్టర్లు మారారు. సంస్థల్లో పడేయకుండా ఇంట్లో పెంచుకోవడం మొదలైంది. అంటే జబ్బు అని మనం అనుకున్నదాంట్లో ముప్ఫై అయిదేళ్ళు జబ్బువి కావు. పరీక్ష మూడో క్రోమోజోము ఉందేమో చెబుతుంది. ఆ పిల్లాడు అక్షరాలు దిద్దుతాడా, కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో అన్నయ్య చెయ్యి పట్టుకుని ప్రభల వెంట నడుస్తాడా అన్నది చెప్పదు.

రెండో జవాబు: ఆడపిల్లని ఏరి తీసేయడం ఒక జాతి మొత్తాన్ని చిన్నచూపు చూడటం, దాని ఫలితం సమాజం మీద పడుతుంది. ఇది నిజం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకి ఆడపిల్లలు 2001లో 961 మంది ఉంటే, 2011కి 939కి తగ్గారు. మరి డౌన్ ఉన్నవాళ్ళు ఒక జాతి కాదా? పుట్టుకతోనే దాదాపు చూపు లేని అమెరికన్ మేధావి ఏడ్రియన్ ఆష్ అడిగిన ప్రశ్న ఇదే. ఆవిడ గర్భస్రావ హక్కుకి వ్యతిరేకి కాదు. బిడ్డే వద్దనుకోవడం వేరు, బిడ్డ కావాలనుకుని ఒక్క లక్షణం తెలియగానే ఈ బిడ్డ వద్దనుకోవడం వేరు అన్నారు. ఆ ఒక్క లక్షణం మిగతా మనిషినంతా కమ్మేస్తుందని, అది బతికున్న వికలాంగులకి చేరే కబురని ఆవిడ వాదన.

ఇక్కడ నాకు ఒక తేడా ముఖ్యమనిపిస్తుంది. రాజోలు అమ్మాయి ఏ నిర్ణయం తీసుకున్నా అది ఎవరికీ పంపిన కబురు కాదు. ఆమె తన ఇంటి గురించి, తన చేతుల్లో ఉన్న బలం గురించి ఆలోచిస్తోంది. ఆమె మీద ఉపన్యాసాలు ఇవ్వడానికి ఎవరికీ హక్కు లేదు. కానీ ఒక స్క్రీనింగ్ కార్యక్రమం మాత్రం కబురే. ఎంతమందిని పట్టుకున్నాం, ఎన్ని జననాలు తగ్గించాం అన్నదే దాని విజయానికి కొలమానం అయితే, అది ఏం చెబుతోందో వినడానికి పెద్ద తాత్వికులు అక్కర్లేదు. మనిషి నిర్ణయాన్నీ కార్యక్రమం తీరునీ వేరువేరుగా తూచాలి.

మూడో జవాబే అన్నిటికంటే బలమైనది: మోసేది ఆమె. ఫిబ్రవరి 2017లో 26 వారాల గర్భిణి ఒకావిడ, బిడ్డకి డౌన్ ఉందని తెలిసి, గర్భస్రావానికి అనుమతి కోరుతూ సుప్రీంకోర్టుకి వెళ్ళింది. కోర్టు ఒప్పుకోలేదు. అప్పటి చట్టం గడువు 20 వారాలు. 2021 సవరణతో కొన్ని వర్గాల స్త్రీలకి అది 24 వారాలయింది, బిడ్డలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేలిస్తే ఆ గడువు కూడా లేదు. ఈ మార్పు కష్టం ఎవరిదో గుర్తించినట్టే ఉంది. కోనసీమలో ఆ కష్టానికి రూపం కూడా తెలుసు. భర్త గల్ఫ్‌లోనో, లేకపోతే తల్లే కువైట్‌లో ఇళ్ళల్లో పనికి వెళ్తేనో, బిడ్డ అమ్మమ్మ ఒళ్ళో పెరుగుతుంది. లంక గ్రామమైతే గోదావరి పొంగినప్పుడు ఆసుపత్రికి పడవ మీద వెళ్ళాలి. అన్నిటికీ పైన, ఇలాంటి బిడ్డలున్న ప్రతి తల్లీ తండ్రీ అడిగే ప్రశ్న ఒకటుంది: "మా తర్వాత వీడికి ఎవరు?"

కాబట్టి ఆ గీత నిలబడుతుంది అనే అంటాను. అయితే అది బిడ్డ విలువ మీద నిలబడదు, తల్లి మోయాల్సిన బరువు మీద నిలబడుతుంది. ఈ తేడా చిన్నది కాదు. విలువ మీద నిలబడితే మన పని అక్కడితో అయిపోతుంది. బరువు మీద నిలబడితే, ఆ బరువులో మనం పెట్టింది ఎంత అన్న ప్రశ్న వస్తుంది.

*

కాగితం మీద చూస్తే సాయం చాలానే ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల్లో వెతకాల్సిన 30 సమస్యల్లో డౌన్ సిండ్రోమ్ ఒకటి. గుండె ఆపరేషన్‌కి ఎన్టీఆర్ వైద్య సేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ). మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లలకి భవిత కేంద్రాలు. సదరం సర్టిఫికెట్ ఉంటే పెన్షన్, 2024 నుంచి నెలకి 6,000. ఈ పిల్లల చదువు, శిక్షణ కోసమే 1984లో సికింద్రాబాద్‌లో పెట్టిన జాతీయ సంస్థ. "మా తర్వాత ఎవరు?" అన్నదానికి కూడా 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో జవాబుంది: జిల్లా అధికారి సభ్యుడిగా ఉండే స్థానిక కమిటీ చట్టబద్ధమైన సంరక్షకుడిని నియమించవచ్చు. 'హై రిస్క్' అని చెప్పిన రోజున ఈ జాబితా కూడా ఆ అమ్మాయి చేతిలో పెడితే పరిస్థితి వేరు. రిపోర్టు ఒక్కటే ఇచ్చి, రెండు దారులున్నాయమ్మా, నీ ఇష్టం అంటే, ఒక దారిలోనే దీపం పెట్టినట్టు.

దీనికో గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటేయకూడదు. డెన్మార్క్ చూడండి. వికలాంగులకి అక్కడి ప్రభుత్వం ఇచ్చే సాయం మన ఊహకి అందదు. 2004 నుంచి వయసుతో పని లేకుండా గర్భిణులందరికీ ఈ పరీక్ష ఇస్తామన్నారు. డౌన్ ఉందని నిర్ధారణ అయినవాళ్ళలో దాదాపు అందరూ గర్భస్రావమే ఎంచుకుంటున్నారు. అంటే దీపాలు రెండు దారుల్లోనూ పెట్టినా జనం ఒక దారినే వెళ్తున్నారు. మరి సాయం పెంచితే ఏం లాభం?

లాభం లెక్కల్లో వెతికితే దొరకదు. తల్లుల నిర్ణయాలని మార్చడం కోసం సాయం చేయడం కాదు ఇది. అలా చేస్తే అది ఇంకో రకం ఒత్తిడి. పరీక్షలో తప్పిపోయిన ఆ ఇద్దరు పిల్లలూ పుడతారు. పరీక్షే చేయించుకోని వాళ్ళ పిల్లలూ పుడతారు. తెలిసి కూడా కావాలనుకున్నవాళ్ళ పిల్లలూ పుడతారు. వాళ్ళందరికీ ఈ సాయం బాకీ. పరీక్ష బాగా వ్యాపించిన చోట ఆ బాకీ ఇంకా పెరుగుతుంది. ఎందుకంటే "ముందే చూపించుకోవాల్సింది కదా" అన్న మాట అప్పుడు పుడుతుంది. యాదృచ్ఛికంగా వచ్చినదానికి అమ్మని తప్పుపట్టడం మేనరికంతో ఆగిపోతుందనుకుంటే, పరీక్ష పేరుతో మళ్ళీ మొదలవుతుంది.

అలాగని ఇవన్నీ సమకూరేదాకా పరీక్ష ఆపాలనడం కూడా సరికాదు. మన దేశంలో దీన్ని అందరికీ ఉచితంగా ఇచ్చే ప్రభుత్వ కార్యక్రమం ఇప్పటికే లేదు. డబ్బున్నవాళ్ళు ఎలాగూ హైదరాబాదు వెళ్ళి తెలుసుకుంటారు. ఆపితే తెలియకుండా మిగిలేది లంకల్లో ఉన్నవాళ్ళకే.

అందుకే ఈ పరీక్షని మెచ్చుకోవడానికి పట్టుకున్న కేసుల శాతం సరిపోదంటాను. ఇంకొన్ని అడగాలి. రక్తం తీయక ముందు పది నిమిషాలు కూర్చోబెట్టి, ఇది జల్లెడ, తీర్పు కాదు అని ఆమెకి అర్థమయ్యే తెలుగులో చెప్పారా? చేయించుకోకపోయినా ఫరవాలేదని చెప్పారా? సూది పరీక్షకి ముందు ఆమె భాషలో వివరించి సంతకం తీసుకోవాలని చట్టం అంటుంది. ఆ మర్యాద మొదటి రక్తపరీక్షకీ దక్కాలి కదా? 'హై రిస్క్' వచ్చినవాళ్ళలో ఎంతమంది నిర్ధారణ దాకా వెళ్ళగలిగారు? గర్భం తీసేయించుకున్నవాళ్ళు ఊళ్ళో మాట పడకుండా ఉన్నారా? ఉంచుకున్నవాళ్ళ బిడ్డకి సదరం క్యాంపులో ఎన్నాళ్ళకి సర్టిఫికెట్ వచ్చింది, భవిత కేంద్రంలో ఫిజియోథెరపీ వారానికి ఎన్నిసార్లు అందింది?

బిడ్డ మెడ వెనక పొరని మిల్లీమీటరులో పదో వంతు దాకా కొలవడం మనకి వచ్చు. తల్లి బరువులో మన వాటా ఎంతో ఆ మెషీన్ చెప్పదు. దాన్ని స్కూలు హాజరు పట్టీలోనూ, మండల ఆఫీసు ఫైళ్ళలోనూ, మనం ఆ పిల్లాణ్ణి పేరుతో పిలుస్తున్నామా లేక 'పిచ్చిమాలోకం' అంటున్నామా అన్నదాంట్లోనూ చూసుకోవాలి.